ఇరవైకి ఇరవై

మా వీధిలో నలభై రెండు ఇళ్లు. ఆ నలభై రెండు ఇళ్ల చేత ఒక్క రోజులో, ఒక్క పెన్సిలుతో, ఒక్క మాట చెప్పించిన మొనగాడు ఈ ఊరు పుట్టాక ఒక్కడే ఉన్నాడు. అది నేను. నమ్మకపోతే మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి పాత కట్టలు తీయించి చూసుకోండి. నలభై రెండు కాగితాలుంటాయి. అన్నిట్లోనూ వంతెనకి ఎదురుగా ఒకే అంకె ఉంటుంది. కుళాయి దగ్గర బిందె కాస్త జరిపితే మూడు నెలలు మాటలు మానేసే వీధి అది. అలాంటి వీధిని ఏకం చేశాను.

నేను రేకు పెట్టెలు చేసేవాణ్ని. వీధి చివర కాలువ గట్టు మీద ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. రోజంతా రేకు మీద సుత్తి ఆడుతూ ఉండాల్సిందే. రెండు గట్టి దెబ్బలు, ఒక మెత్తని దెబ్బ, నా చేతికి అలా అలవాటైంది. "రెండు రేకుకి, మూడోది మీ గొప్పకి" అనేది మా ఆవిడ. నలభై ఏళ్లు ఆ మోతలోనే వండింది, ఆ మోతలోనే పిల్లని నిద్రపుచ్చింది. ఏ రోజైనా నేను మూడో దెబ్బ మానేస్తే లోపల్నుంచి కేకేసేది, "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఆమె కాలువ అవతల మా అమ్మాయి ఇంటికి వెళ్లింది. మనవరాలికి జ్వరమని, మూడు రోజుల్లో వచ్చేస్తానని. అవతల అంటే ఏమంత దూరం కాదు. చెక్క వంతెన మీద నలభై అంగలు వేస్తే అమ్మాయి వాకిలి. మూడో రోజు తడి పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి అవతలి గట్టునే ఉంది కాబట్టి అక్కడే కట్టు కట్టి అమ్మాయి ఇంటికి పంపారు. "మంచం మీంచి కదిలిస్తే నా పూచీ లేదు" అన్నాడు డాక్టరు. నాలుగో రోజు వరద వచ్చి వంతెనను ఎత్తుకుపోయింది.

ఎత్తుకుపోయింది అంటే ముక్కలై పోయిందనుకోకండి. నిలువునా, చెక్క చెదరకుండా, రెండు వైపులా కటకటాలతో సహా పడవలా సాగిపోయింది. దాని నట్టనడుమ ఒక గోధుమ రంగు కుక్క కూర్చుని ఉంది. ఇటు గట్టు వైపు ఒకసారి, అటు గట్టు వైపు ఒకసారి చూసుకుంటూ ఏ కంగారూ లేకుండా వెళ్లిపోయింది. దిగువనున్న ఊరివాళ్లు మర్నాడు మనిషిని పంపారు, వంతెన మీదేనా, కుక్క కూడా మీదేనా అని. నేను నా కళ్లతో చూశాను.

ఇక మిగిలింది చుట్టుదారి. దిగువన పెద్ద వంతెన దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి మళ్లీ పైకి ఇంకో బస్సు. నా మోకాలితో ఒక పూట ప్రయాణం. పోనీ అక్కడే ఉండిపోదామంటే అమ్మాయి ఇల్లు రెండు గదులు. వాళ్లు అయిదుగురు, పైన మా ఆవిడ మంచం. నేను అడ్డంగా పడుకుంటే తలుపు మూసుకోదు. అందుకని ఆదివారం ఆదివారం వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాణ్ని.

తక్కిన ఆరు రోజులూ కేకలే. అప్పటికి జనం చేతుల్లోకి ఫోన్లు రాలేదు. ఆమె మంచం కిటికీ పక్కనే వేశారు కానీ, మధ్యలో ప్రహరీ గోడ ఉండటంతో ఆమెకి కాలువ కనబడేది కాదు. వినబడేది మాత్రం అంతా. నేను పాత వంతెన తాలూకు రాతి దిమ్మ మీద నిలబడి అరిచేవాణ్ని.

"ఏమే! ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావ్?"

"మీ కళ్లెదురుగానే!"

"నా కళ్లెదురుగా కాలువ ఉంది!"

"ఇంట్లోకెళ్లి నిలబడితే కళ్లెదురుగా ఉంటుంది! కిటికీలో!"

కాసేపటికి మళ్లీ, "దొరికిందా?"

"దొరికింది. ఇది పంచదార!"

"దాని వెనకాల!"

నెల తిరిగేసరికి మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నాకంటే వీధికి బాగా తెలిసింది. నేను దిమ్మ ఎక్కేలోపే పక్కింటి కుట్టుమిషను అమ్మాయి తలుపు లోంచి చెప్పేది, "బాబాయ్, ఎండు మిరపకాయలు అటక మీదే ఉన్నాయి. మొన్నే కదా పిన్ని చెప్పింది."

తెలుసు. అయినా దిమ్మ ఎక్కి అడిగేవాణ్ని.

ఒక వస్తువు మాత్రం ఎంత అరిచినా దొరకదు. మా ఇద్దరికీ కలిపి చదువుకునే కళ్లజోడు ఒకటే. అది ఆమె చేతిసంచీలో కూర్చుని అవతలి గట్టుకి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ వాళ్లకి ప్రజల మీద ప్రేమ పుట్టింది. వచ్చే ఏడాది ఊళ్లో ఏ పనులు ముందు చేయాలో జనమే చెప్పాలన్నారు. ఇంటికొక కాగితం. చెవి మీద పెన్ను పెట్టుకునే గుమాస్తా ఒకాయన కట్ట చంకన పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చాడు. కాగితం మీద ఇరవై పనులున్నాయి. మురుగు కాలువలు, వీధి దీపాలు, గ్రంథాలయం పైకప్పు, గడియార స్తంభం మరమ్మతు, ఊరి ముందు స్వాగత ద్వారానికి రంగులు, పదిహేనో వరసలో మన చెక్క వంతెన. 

"ఒక్కో పనికి ఒక్కో అంకె వేయండి. ఒకటి నించి ఇరవై దాకా. వేసిన అంకె మళ్లీ వేయకూడదు," అన్నాడు గుమాస్తా.

"మొదటి పది పనులే చేస్తారటగా?"

"పదే. మిగతావి ఆ పై ఏడాది చూసుకోవాలి. శుక్రవారం వచ్చి తీసుకుంటా," అని ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు.

నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ని. మా బడిలో ఏ పరీక్షయినా ఇరవై మార్కులకే. నాకు ఏడు దాటి ఎప్పుడూ రాలేదు. ఇరవైకి ఇరవై తెచ్చుకున్నవాడిని మాస్టారు బల్ల మీద నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాడు. ఆ చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు అప్పట్లోనే గట్టిపడ్డాయి, సుత్తికి పనికొచ్చాయి. కాగితం చేతిలోకి రాగానే నాకు అర్థమైపోయింది. ఇన్నాళ్లకి మార్కులు వేసే పెన్సిలు నా చేతికొచ్చింది. వంతెనకి ఇరవై వేశాను. అంకె లావుగా కనిపించాలని రెండుసార్లు దిద్దాను. స్వాగత ద్వారం రంగులకి ఒకటి వేసి, సిగ్గుపడమన్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని వీధిలోకి దిగాను.

"అమ్మాయ్, నీ కాగితం రాశావా?"

కుట్టుమిషను అమ్మాయి మిషను ఆపింది. "లేదు బాబాయ్. దీన్ని ఎలా రాయాలో అర్థం కాలేదు. ఒకటి గొప్పా, ఇరవై గొప్పా?"

"బడికెళ్లావా లేదా? ఒక్క మార్కు వస్తే మీ అమ్మ ఊరుకునేదా?"

"వీపు విమానం మోత మోగించేది."

"మరింకేం! మనకి కావాల్సిన దానికి ఇరవై. వంతెనకి వెయ్యి."

"పిన్ని కోసమే వేస్తున్నా బాబాయ్. నాకు అవతలి గట్టున ఏం పని లేదు," అని ఇరవై వేసింది.

అలా ఇల్లిల్లూ తిరిగాను. సైకిలు షాపాయన వీధి దీపాలకి ఇరవై వేద్దామనుకుంటే, అతని చిన్నప్పటి రేకు పెట్టె నేనెంత ఆప్యాయంగా చేశానో గుర్తుచేసి మార్పించాను. రెండేళ్లుగా మాటల్లేని తోడికోడళ్లిద్దరి చేత ఒకే పెన్సిలుతో రాయించాను. మా వీధిలో కళ్లజోళ్లున్నవాళ్లు లేరా అని మీరడగొచ్చు. ఉన్నారు. నేను పక్కన నిలబడి గట్టిగా చెబుతుంటే కాగితం చివరిదాకా చదివే ఓపిక ఎవరికుంటుంది? పొద్దువాలేసరికి నలభై రెండు ఇరవైలు తయారు.

ఆ సాయంత్రం దిమ్మ ఎక్కి అరిచాను. "ఏమే! వంతెన వచ్చేసినట్టే! వీధంతా రాశారు!"

జవాబు ఆలస్యంగా వచ్చింది. ఆ వారం నించి ఆమె గొంతు పలచబడింది. మొదటి మాట వినబడితే రెండోది గాలికి పోయేది. అమ్మాయి గోడ మీంచి తల పెట్టి చెప్పింది, "నాన్నా, అమ్మ కూడా ఇక్కడ అందరి చేతా రాయించిందట. అందుకే అలిసిపోయింది."

ఆమె కూడా నాలాగే ఊరు తిరిగిందా, మంచం మీంచే తిరిగిందా అని నవ్వుకున్నాను.

జాబితా చదివే రోజు మున్సిపల్ ఆఫీసు హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మా వీధి వాళ్లందరినీ వెంటేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. చైర్మన్ ఒక్కో పనీ చదువుతుంటే గుమాస్తా నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. ఒకటి, మురుగు కాలువలు. నాకేం బెంగ కలగలేదు. అయిదు, గ్రంథాలయం పైకప్పు. ఎనిమిది, కుక్కల బండి. కుర్చీలో కొంచెం ముందుకు జరిగాను. పది, స్వాగత ద్వారానికి రంగులు. చప్పట్లు కొట్టారు.

"పదకొండు నించి వచ్చే ఏడాది లేవు," అన్నాడు చైర్మన్. "పదకొండు, చెక్క వంతెన."

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, మా వీధంతా ఇరవై వేశాం."

"వేశారు," అన్నాడు చైర్మన్, ఎంతో మర్యాదగా. "అవతలి గట్టు మొత్తం ఒకటి వేసింది. ఊళ్లో అన్ని పనులకంటే వాళ్లకి అదే ముందు కావాలట. ఇవతల మీ వీధి మొత్తం ఇరవై వేసింది, మాకు అన్నిటికంటే చివర్న చాలని. కలిపి సగటు తీస్తే మధ్యలోకొచ్చింది. అయినా పెద్దాయనా, అవతలి గట్టు వాళ్ల మీద మీకంత కోపం దేనికి?"

హాలంతా నవ్వింది. గుమాస్తా మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి ఒక ఖాళీ కాగితం నా చేతిలో పెట్టి, అడుగున గోటితో చూపించాడు. చీమల బారులా ఏదో ఉంది. దాన్ని అతనే చదివాడు. "అత్యంత ముఖ్యమైన పనికి ఒకటి వేయవలెను."

ఆ తర్వాత, చిన్నగా, "అవతల ఎవరో మంచాన పడ్డ పెద్దావిడట. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ కళ్లజోడు పెట్టుకుని ఈ లైను చదివి వినిపించి మరీ రాయించిందట. ఒక్క కాగితం తప్పు పోలేదు," అన్నాడు.

మా వీధివాళ్లు నావైపు చూశారు. వాళ్లు నాలుగు తిట్టుంటే నాకు కాస్త తేలికయ్యేది. కుట్టుమిషను అమ్మాయి గొడుగు విప్పింది. "పదండి బాబాయ్, వాన వచ్చేలా ఉంది," అంది.

ఆ ఆదివారం రెండు బస్సులూ మారి వెళ్లాను. ఆమె దిండుకి ఆనుకుని ఉంది. మనిషి సగమైంది. కళ్లజోడు ముక్కు మీద నిలవక జారుతోంది.

"మన వీధి వాళ్ల చేత సరిగ్గా రాయించారా? అడుగున చిన్న అక్షరాలున్నాయి. కళ్లజోడు నా దగ్గరుండిపోయిందే, మీరెక్కడ ఇరవైలు వేయించుకొస్తారో అని నా భయం."

"నేనేమన్నా చదువురానివాణ్నా?"

"ఏడు మార్కుల చదువేగా. ఎన్నో నంబరొచ్చింది?"

అమ్మాయి గుమ్మంలో బట్టలు మడతపెడుతోంది. జాబితా చదివిన రోజు అల్లుడు ఆ హాల్లోనే ఉన్నాడు, కనుక అమ్మాయికి అంతా తెలుసు. చేతిలో మడత ఆపి నన్ను చూసింది.

"ఒకటి," అన్నాను.

అమ్మాయి మళ్లీ మడతపెట్టుకోవడం మొదలుపెట్టింది.

మా ఆవిడ కళ్లజోడు తీసి నా చొక్కా జేబులో పెట్టింది. "ఇక ఇది మీరే ఉంచుకోండి. పని ఎప్పుడు మొదలవుతుందట?"

"వానలు తగ్గగానే."

"అయితే వంతెన మీదే ఇంటికొస్తా. ఆ బస్సుల్లో నన్ను కుదిపి తీసుకెళ్లకండి."

వచ్చేటప్పుడు అమ్మాయి వీధి మలుపు దాకా వచ్చింది. "నేను చెప్పను నాన్నా. వచ్చేవాళ్లకి కూడా అమ్మ దగ్గర అనొద్దని వాకిట్లోనే చెప్పి లోపలికి పంపిస్తా," అంది.

వానలు తగ్గాయి. ఒక వారం గడిచింది. ఆమె గొంతు ఇక కాలువ దాటడం మానేసింది. నేను అరిస్తే అమ్మాయి గోడ మీంచి జవాబు చెప్పేది. ఒక రోజు చెప్పింది, "అమ్మ అడుగుతోంది నాన్నా, ఇంకా చప్పుడేం రావడం లేదేమిటని."

ఇంట్లోకి వెళ్లి దుకాణంలో ఉన్న పెద్ద సుత్తీ, ఒక ఇనప గడ్డపారా తెచ్చాను. దిమ్మ మీద గడ్డపార ఆనించి కొట్టాను. రాయి గంటలా మోగింది. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. మర్నాడూ అంతే. పెట్టెల పని పక్కన పెట్టాను. నాలాంటి పనిమంతుడు మున్సిపాలిటీ చరిత్రలో లేడు, ఒక్క ముక్క కట్టకుండా నెల రోజులు వంతెన పని చేశాను.

"బాబాయ్, రాయికి మూత చేస్తున్నారా?" అన్నాడు సైకిలు షాపాయన.

"కొలతలు తీసుకుంటున్నాలే."

అతనికి సంగతి ఎవరు చెప్పారో, సాయంత్రం అతను కూడా ఒక పాత రిమ్ము తెచ్చుకుని కాసేపు కొట్టి వెళ్లాడు. ఇద్దరు పనివాళ్లున్నట్టు వినబడాలి కదా అన్నాడు.

నాలుగు రోజులకి గుమాస్తా వచ్చాడు. ఎవరో ఫిర్యాదు చేశారట, మున్సిపల్ ఆస్తిని పగలగొడుతున్నారని. చెవి మీది పెన్ను తీసి నోటీసు రాయబోయాడు. నేను ఆపకుండా కొట్టాను. కాసేపు నన్నూ, అవతల గోడనీ మార్చి మార్చి చూశాడు. పెన్ను మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. 

"వచ్చే ఏడు ఆ లైను పైన వేయిస్తానండీ. పెద్ద అక్షరాల్లో," అన్నాడు.

"వేయించండి బాబూ."

"సున్నం గీత దాటి కొట్టకండి. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. అక్కడ సున్నం గీత ఏదీ లేదు. మర్నాడు తనే వచ్చి గీసి వెళ్లాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మాయి రెండు బస్సులు మారి ఇటొచ్చింది, అమ్మ పాత దుప్పటి కావాలని. దుప్పటి ఎక్కడుందో నాకు తెలియలేదు. కుట్టుమిషను అమ్మాయి వచ్చి తీసిచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అమ్మాయి దిమ్మ పక్క మెట్టు మీద కూర్చుంది. నేను కొడుతూనే ఉన్నాను.

"నాన్నా, అమ్మ ఒక మాట చెప్పమంది."

"ఏమిటి?"

"ఆ మేస్త్రీతో చెప్పు, వంతెనకి రెండు దెబ్బలు చాలు, మూడోది ఎవరి గొప్పకని అడిగింది."

సుత్తి చేతిలో ఆగిపోయింది. తర్వాత నేను నవ్విన నవ్వుకి కాలువలో కొంగలు లేచిపోయాయి. నలభై ఏళ్లు విన్న చెవి మోసపోతుందా! నెల రోజులుగా అంతా తెలిసి, మంచం మీద పడుకుని నా చేత ఊరికే రాయి కొట్టించింది! ఆ వేళ మూడో దెబ్బ మామూలు కంటే గట్టిగా కొట్టాను, వినబడాలని.

తర్వాత నాలుగో రోజు ఆమె పోయింది. పెద్ద వంతెన చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చాం.

మరుసటి ఏడు మళ్లీ కాగితాలు వచ్చాయి. పైనే పెద్ద అక్షరాల్లో వేయించాడు గుమాస్తా, కళ్లజోడు లేకుండానే చదివాను. నేను ఎవరింటికీ వెళ్లలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా నలభై రెండు ఇళ్లూ వంతెనకి ఒకటి వేశాయి. ఇప్పుడది సిమెంటు వంతెన. ముప్పై ఎనిమిది అంగలే పడతాయి. సాయంత్రాలు సగం దాకా వెళ్లి నిలబడతాను. అక్కణ్నుంచి అమ్మాయి ఇంటి ప్రహరీ గోడ పైనుంచి కిటికీ కనబడుతుంది. ఉప్పు డబ్బా ఇంకా పంచదార డబ్బా వెనకాలే ఉంది.

నేను కోతలు కోస్తానని మా వీధిలో పేరుంది. అందుకని చెప్పేస్తున్నాను. ఇందులో కుక్క నిజం. దిగువ ఊరి నుంచి మనిషి వచ్చిందీ నిజం. నలభై రెండు ఇరవైలు నిజం, గుమాస్తా గీసిన సున్నం గీత ఇప్పటికీ దిమ్మ మీద కనబడుతుంది. నేను కల్పించింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది, దుప్పటి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వాళ్లమ్మ దగ్గర్నించి మాట మాత్రం ఏదీ తేలేదు. కొట్టేది నేనేనని ఆమెకి తెలుసో తెలియదో నేను అమ్మాయిని ఎప్పుడూ అడగలేదు.

అమ్మాయి ఆ రోజు అన్నది ఇంతే. "అమ్మకి ఇప్పుడే కునుకు పట్టింది నాన్నా. కాసేపు ఆపుతావా?"

ఆపాను.